చర్చి గోపురం మీద చేప: రెండు గెడల కథ

ట్రోలింగ్ అన్న మాట వినగానే మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. ఎవడో ముసుగేసుకుని వచ్చి ఒక పుల్ల పెట్టి, మిగతావాళ్ళంతా జుట్లు పట్టుకుంటుంటే పక్కన కూర్చుని పకోడీలు తినే రకం. ఈ టపా వాడి గురించి కాదు. వాడికి ఆ పేరు తెచ్చిపెట్టిన అసలు ట్రోలింగ్ గురించి. అదొక చేపల వేట. కదులుతున్న పడవ వెనక ఎర కట్టిన గాలాలని నీళ్ళలో ఈడ్చుకుంటూ పోతారు. ఆకలేసిన చేప ఎర వెంట పడి కొరుకుతుంది. ఇంటర్నెట్లో జరిగేదీ అదే కదా, కాకపోతే అక్కడ కొరికేది మనం.

ఇంకో మాట ముందే చెప్పుకుంటే మంచిది. ట్రోలింగ్ వేరు, ట్రాలింగ్ వేరు. రెండోది సంచి లాంటి పెద్ద వలని సముద్రంలో ఈడ్చడం, దారిలో ఏది అడ్డొస్తే అది ఊడ్చుకుపోవడం. రాతలో ఒక్క అచ్చే తేడా, చేతలో నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఈ కథంతా ఆ తేడా మీదే నడుస్తుంది.

2014లో నేను ఫ్రాన్స్‌లో రెన్ అనే ఊళ్ళో ఆన్‌సైట్‌లో ఉన్నాను. వారాంతాల్లో తోచక, రైలెక్కి ఎటు పడితే అటు పోయేవాణ్ణి. అలా ఒక శనివారం లోరియాన్ రేవులో ఫెర్రీ ఎక్కి, ఒక గంటలోపే గ్రువా అనే ద్వీపంలో దిగాను (దాని స్పెల్లింగ్ చివర్లో ఒక ఎక్స్ ఉంటుంది, పలకరు. ఫ్రెంచివాళ్ళు అంతే). ఎనిమిది కిలోమీటర్ల పొడవు, రెండు మూడు కిలోమీటర్ల వెడల్పు. సైకిల్ మీద ఒక పూటలో చుట్టేయొచ్చు. ఊరి మధ్యలో చర్చి. ఆ దేశంలో చర్చి గోపురం మీద, గాలి ఎటు వీస్తోందో చూపించడానికి లోహంతో చేసిన కోడిపుంజుని పెడతారు. ఏ పల్లెకి వెళ్ళినా కోడిపుంజే. గ్రువాలో మాత్రం తల ఎత్తి చూస్తే కోడి లేదు, చేప ఉంది. టూనా చేప. మన విశాఖ వైపు సూర అంటారే, ఆ జాతిది.

దేవుడి గోపురం మీద చేపని పెట్టుకున్నారంటే ఆ చేప వీళ్ళకి ఎంత అన్నం పెట్టి ఉండాలి? రేవు పక్కన, ఒకప్పటి చేపల డబ్బాల ఫ్యాక్టరీలో మ్యూజియం ఉంది. అక్కడికి వెళ్ళాక నాకు సగం సమాధానం దొరికింది. మిగతా సగం తర్వాత చదువుకుంటే తెలిసింది.

ముందు డబ్బాల సంగతి. ఆహారాన్ని వేడిచేసి గాలి చొరకుండా మూసేస్తే పాడవదని నికోలా అప్పేర్ అనే ఫ్రెంచి వంటాయన కనిపెట్టి, 1810లో పుస్తకం రాశాడు. ఆ కిటుకుతో బ్రిటనీ తీరంలో సార్డీన్ చేపల డబ్బాల ఫ్యాక్టరీలు లేచాయి. అయితే సార్డీన్ నమ్మదగ్గ చేప కాదు, ఒక ఏడు వస్తుంది, ఒక ఏడు రాదు. 1902 నుంచి వరసగా కొన్నేళ్ళు రాకపోయేసరికి బ్రిటనీ తీరం పల్లెల్లో ఆకలి కేకలు మొదలయ్యాయి. గ్రువా వాళ్ళు మాత్రం అప్పటికే వేరే దారి పట్టి ఉన్నారు. ఎండాకాలంలో బిస్కే అఖాతం పైపొరల్లోకి తెల్ల మాంసం టూనా గుంపులుగా వస్తుంది. పక్క రెక్కలు కత్తుల్లా పొడుగ్గా ఉంటాయి. అక్కడివాళ్ళు దాన్ని జెర్మోన్ అంటారు, ఇంగ్లీషులో అల్బకోర్. డబ్బాల ఫ్యాక్టరీలకి అది బంగారం. 1870 నుంచి 1940 దాకా ఫ్రాన్స్ మొత్తానికి టూనా రేవుల్లో మొదటి స్థానం ఈ చిన్న ద్వీపానిదే.

అంత చేపని ఎలా పట్టారు? రెండు గెడలతో.

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంజినీరింగ్ అంటే ఇదీ అనిపించింది నాకు. తెరచాప పడవ, ఇరవై మీటర్ల పైచిలుకు పొడవు. దాని వెనకనుంచి గాలాలు వదిలితే ఎన్ని వదలగలం? నాలుగైదు దాటితే ఒకదానికొకటి చుట్టుకుంటాయి. అసలు పడవ వెనక నీళ్ళు నురగలు కక్కుతుంటాయి కాబట్టి ఎర సరిగ్గా కనపడదు కూడా. అందుకని పడవకి రెండు పక్కలా ఒక్కో పొడుగాటి కొయ్య గెడ కట్టారు, 15 మీటర్ల పైమాటే. రేవులో ఉన్నప్పుడు అవి నిటారుగా, తెరచాప కొయ్యకి ఆనించి ఉంటాయి. వేట చోటికి చేరాక రెంటినీ పక్కలకి వాలుస్తారు. పడవ ఒక్కసారిగా రెక్కలు చాచిన పక్షిలా అయిపోతుంది. ఈ గెడలనే ఇప్పుడు అవుట్‌రిగ్గర్లు అంటున్నాం.

ఒక్కో గెడకి ఆరో ఏడో తాళ్ళు, పడవ వెనకనుంచి ఇంకొన్ని. గెడ చివరన ఉన్న తాడు అన్నిటికంటే పొడవు, లోపలికి వచ్చేకొద్దీ పొట్టి. కాబట్టి చుట్టుకోవు. ఎర ఏమిటనుకున్నారు? చేప ముక్క కాదు. గుర్రపు వెంట్రుకలు, మొక్కజొన్న పొత్తి మీద ఉండే ఎండు పొర! దాన్ని జంట కొక్కేనికి చుట్టి వదిలితే, పడవ వేగానికి నీటి మీద ఎగురుతూ పారిపోతున్న చిన్న చేపలా కనిపిస్తుంది. పడవ అలలకి ఊగినప్పుడల్లా గెడ చివర పైకీ కిందికీ లేస్తుంది, దాంతో ఎర గంతులేస్తుంది. పడవ ఊగడం అనే బాధని కూడా పనికొచ్చేలా వాడుకున్నారన్నమాట. అయిదారు నాట్ల వేగం చాలు, అంటే గంటకి పది కిలోమీటర్లు. దానికి గాలి ఊరికే దొరుకుతుంది.

ఇప్పుడు సమస్య. పదిహేను మీటర్ల దూరంలో, నీటి మీద వేలాడుతున్న గెడ చివరి తాడుకి చేప పడింది. పట్టుకునేదెలా? గెడ మీద పాక్కుంటూ వెళ్ళలేం కదా. దానికి ప్రతి గాలం తాడుకీ ఇంకో సన్నని తాడు జోడించి దాని కొస పడవలోనే ఉంచారు. దాన్ని లాగితే గాలం తాడు చేతికి అందుతుంది. ఆ తర్వాత చేపని చేత్తో లాగి, పైకెత్తి, కొక్కెం విప్పి, మళ్ళీ వదలడమే. ఒక్కొక్క చేప, ఒక్కొక్క మనిషి చేతి మీదుగా.

అదే గెడల ఉపాయం ఇంకా చాలా చోట్ల కనిపిస్తుంది. అమెరికా పడమటి తీరంలో సాల్మన్ పట్టే పడవలకి కూడా నిటారుగా నిలబెట్టిన జంట గెడలుంటాయి. సియాటిల్లో ఉండే మనవాళ్ళు ఎప్పుడైనా బ్యాలార్డ్ దగ్గర ఫిషర్మెన్స్ టెర్మినల్ వైపు వెళ్తే ఈసారి తల ఎత్తి చూడండి. యాంటెన్నాలు అనుకుని పక్కకి తిరిగిపోకండి (నేను మొదటిసారి అదే అనుకున్నాను).

సరే, గ్రువాకి వద్దాం. ఇదంతా చదివి, ఆహా ఎంత అందమైన జీవితం, తెరచాప, గాలి, గెడలు అనుకుంటున్నారా? ఆగండి. ఒక్కో పడవలో అయిదారుగురు మగవాళ్ళు, వాళ్ళతో పాటు పనులకి ఒక కుర్రాడు. రెండు మూడు వారాలు ఒడ్డు మొహం చూసే పని లేదు. ఐసు లేదు. పట్టిన చేపల్ని శుభ్రం చేసి డెక్కు మీద కొయ్య దండేలకి తోకలు కట్టి గాలికి వేలాడదీసేవాళ్ళు. గాలి ఆగి ఉక్కపోస్తే వారం కష్టం కుళ్ళిపోయి సముద్రం పాలు. మగవాళ్ళంతా సముద్రం మీద ఉంటే ద్వీపంలో పొలం పనులు, పిల్లలు, ముసలివాళ్ళు, అన్నీ ఆడవాళ్ళ నెత్తినే. ఒడ్డు కనపడనంత దూరం వెళ్ళేవాళ్ళకి దిక్కులూ లెక్కలూ నేర్పడానికి 1895లో గ్రువాలో ఒక బడి పెట్టారు. ఫ్రాన్స్‌లో చేపల వేటగాళ్ళ కోసం పెట్టిన మొదటి బడి అది.

బడి లెక్కలు నేర్పగలదు గానీ తుపాను కబురు పంపలేదుగా.

1930 సెప్టెంబరు 19, 20 తేదీల్లో అట్లాంటిక్‌లో పెద్ద తుపాను లేచింది. టూనా వేట ఇంకా నడుస్తున్న రోజులు, పడవలన్నీ తీరానికి చాలా దూరంలో ఉన్నాయి. గ్రువా నుంచి, ఎటెల్ నుంచి, కాన్కార్నో నుంచి వెళ్ళినవి. అన్నీ తెరచాపలే, తుపాను వస్తోందని చెప్పే రేడియో లేదు. గాలి ఆ స్థాయిలో కొడుతున్నప్పుడు పక్కలకి వాల్చిన గెడలు, తడిసిన తెరచాపలు, ఊగిపోతున్న కొయ్యలు, అన్నీ చేతులతోనే సర్దుకోవాలి. రెండు రోజుల్లో 200 మందికి పైగా మనుషులు పోయారు. కొన్ని పడవలకి పడవలే, ఒక్కరూ మిగలకుండా మునిగిపోయాయి. బ్రిటనీ తీరంలో ఆ సెప్టెంబరుని ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ మాట చదివాక నాకు గోపురం మీద చేప వేరేలా కనిపించింది. అన్నం పెట్టిన చేపే, మనుషుల్ని మింగిన వేట కూడా.

ఇంతవరకూ ఉన్న కథ చెప్పాను, ఇక్కడినుంచి నా అభిప్రాయం కలుస్తుంది.

ఆ తుపాను తర్వాత కొన్నేళ్ళకి పడవలు మారాయి. ఇంజన్లు వచ్చాయి, రేడియోలు వచ్చాయి, ఐసు వచ్చింది. గ్రువా మాత్రం వెనకబడిపోయింది. ఎదురుగా లోరియాన్లో 1920లలో కట్టిన పెద్ద రేవు ఉంది, రైలుంది, ఇక ద్వీపంలో చేప దింపాల్సిన అవసరం ఏముంది? ఆ పాత పడవల్లో 1934లో కట్టిన బీష్ అనేది ఒక్కటే బతికి బయటపడింది. శిథిలమైపోయినదాన్ని బాగుచేసి మళ్ళీ నీళ్ళలోకి దింపారు, ఇప్పుడు యాత్రికుల్ని ఎక్కించుకుంటోంది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. తెరచాప పోయి ఇంజనొచ్చినా గెడలు పోలేదు. ఇంజన్ పడవలకి కూడా అవే జంట గెడలు, అవే గాలాలు. వేట పద్ధతి మారలేదు, వేటాడే మనిషికి రక్షణ పెరిగింది. అంతే.

తర్వాత వచ్చింది రెండో రకం మార్పు. 1980ల నాటికి ఫ్రాన్స్‌లో ట్రోలింగ్ పడవలు తగ్గిపోతున్నాయి, ఖర్చులు పెరుగుతున్నాయి. ఒక్కొక్క చేపని చేత్తో లాగే పనికి కుర్రాళ్ళు రావడం లేదు. అప్పుడు ఆ దశాబ్దం చివర్లో కొత్త ఉపాయం మొదలైంది. కొట్టుకుపోయే వలలు. రాత్రిపూట కిలోమీటర్ల పొడవున గోడలా వల వేసి, నీటితో పాటు కొట్టుకుపోనిచ్చి, తెల్లారాక ఎత్తడం. గెడకి ఇన్నే తాళ్ళు అన్న హద్దు వలకి లేదు, ఎన్ని కిలోమీటర్లయినా కుట్టుకోవచ్చు. గాలం ఎరని కొరికిన చేపనే పట్టుకుంటుంది. వల దారిన పోయే ప్రతిదాన్నీ పట్టుకుంటుంది. డాల్ఫిన్లు కూడా చిక్కాయి. ఊపిరి కోసం పైకి రావాల్సిన జీవం, వలలో ఇరుక్కుంటే మునిగి చస్తుంది.

ఐక్యరాజ్యసమితి 1991 డిసెంబరులో, పెద్ద కొట్టుకుపోయే వలల్ని 1992 చివరికల్లా ఆపేయమని తీర్మానం చేసింది. యూరప్ రెండున్నర కిలోమీటర్లు దాటకూడదని హద్దు పెట్టింది. అయినా గొడవ ఆగలేదు. అదే నీళ్ళలో అదే చేపని స్పెయిన్ ఉత్తర తీరం వాళ్ళు ఇంకా గాలాలతోనే పడుతున్నారు. ఒకడు గాలంతో ఒక్కొక్కటీ పడుతుంటే పక్కవాడు గోడ కట్టి ఊడ్చేస్తుంటే ఎలా ఉంటుంది? 1994 ఎండాకాలంలో ఓపిక నశించింది. స్పెయిన్ పడవలు నడి సముద్రంలో ఒక ఫ్రెంచి పడవని చుట్టుముట్టి, దాన్నీ దాని వలల్నీ సాక్ష్యంగా తమ రేవుకి లాక్కెళ్ళిపోయాయి. పేపర్లు దాన్ని టూనా యుద్ధం అన్నాయి. పడవని లాక్కెళ్ళడం తప్పే, అందులో నాకు అనుమానం లేదు. వాళ్ళ కోపం మాత్రం అర్థమవుతుంది. చివరికి 2002 జనవరి 1 నుంచి యూరప్‌లో టూనాకి ఆ వలలు పూర్తిగా నిషేధం.

అంతటితో సుఖాంతం అనుకోకండి. నిషేధం తర్వాత చాలామంది ఫ్రెంచివాళ్ళు గెడల దగ్గరికి తిరిగి రాలేదు, రెండు పడవలు కలిసి ఈడ్చే ట్రాల్ వలలకి మారారు. డాల్ఫిన్ల గొడవ ఇంకో రూపంలో సాగింది. 2024 జనవరి, ఫిబ్రవరిలో బిస్కే అఖాతంలో ఒక నెలపాటు కొన్ని రకాల వలల వేటని మొత్తానికే ఆపేయాల్సి వచ్చింది. వలల వేట ఆగిందంటే ఆ పడవల మీద బతికేవాళ్ళ సంపాదన ఆగినట్టే.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. మనం అభివృద్ధి అని ఒకే సంచిలో వేసేసేవి నిజానికి రెండు వేరువేరు వస్తువులు. మొదటిది పనిచేసే మనిషిని కాపాడేది: ఇంజను, రేడియో, ఐసు, వాతావరణ కబురు. 1930లో పోయిన ఆ 200 మందికి కావలసింది అదే. రెండోది పని మీద ఉన్న హద్దుని తీసేసేది: కిలోమీటర్ల వల. మొదటిదానికి ఎంత ఖర్చయినా పెట్టాల్సిందే. రెండోదాన్ని పది సార్లు ఆలోచించి గానీ ముట్టుకోకూడదు. చిక్కెక్కడొస్తుందంటే, రెండోదాన్ని అమ్మేవాడు ఎప్పుడూ మొదటిదాని పక్కన పెట్టే అమ్ముతాడు. "పాత పద్ధతి, మనుషులు చస్తున్నారు, మార్చాలి" అంటాడు. నిజమే, మనుషులు చచ్చారు. కానీ వాళ్ళని చంపింది గెడకి ఏడే తాళ్ళు ఉండడం కాదు కదా!

మన భాషలో చెప్పాలంటే గెడ ఒక రేట్ లిమిట్. నేను పనిచేసిన ఒక చోట ఇలాగే జరిగింది. పాత సిస్టమ్‌ని ఆధునికం చేస్తున్నాం. మానిటరింగ్, అలర్టులు, బ్యాకప్పులు, అన్నీ అవసరమైనవే. అదే రిలీజులో ఎవరో "ఇదెందుకు, పాత చెత్త" అని ఒక రేట్ లిమిట్ కూడా పీకేశారు. రివ్యూలో సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, దాచుకోవడం దేనికి. రెండు వారాలు అద్భుతంగా నడిచింది, అంకెలు చూసి అందరూ చప్పట్లు కొట్టారు. మూడో వారం ఒక రాత్రి వెనకున్న డేటాబేస్ చేతులెత్తేసింది. పదకొండు గంటలు కూర్చున్నాం. ఆ హద్దుని అక్కడ ఎవరు, ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది. డేటాబేస్‌ని బ్యాకప్ నుంచి తెచ్చుకున్నాం. సముద్రానికి బ్యాకప్ లేదు.

ఇదంతా ఎక్కడో ఫ్రాన్స్ గొడవ, మనకెందుకు అంటారా? ఆ కాన్కార్నో కంపెనీలే 1950ల్లో ఆఫ్రికా తీరానికి దిగాయి, ఆ తర్వాత గుంపు మొత్తాన్ని చుట్టి మూటకట్టే పెద్ద వలల ఓడలు దింపాయి. 1980ల మొదట్లో అవి హిందూ మహాసముద్రంలోకి వచ్చి సీషెల్స్‌లో స్థావరం పెట్టుకున్నాయి. ఒక్క వలపోతలో పదుల టన్నులు. ఈ సముద్రంలో పసుపు రెక్కల టూనాని అది తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ పట్టేస్తున్నారని 2015లో లెక్క తేలింది. 2016లో దేశాలన్నీ కూర్చుని కోతలు పెట్టుకోవలసి వచ్చింది. ఆ బల్ల దగ్గర మన దేశం కూడా ఉంది.

అదే పసుపు రెక్కల టూనాని అనకాపల్లి జిల్లా పూడిమడకలో మనవాళ్ళు చిన్న ఫైబర్ పడవల్లో వెళ్ళి గాలాలతో పడతారు. ఒక్కొక్క చేప, చేతి తాడు మీద. వాళ్ళకి కావలసినవి గ్రువా వాళ్ళకి 1930లో లేనివే: ఒడ్డుకి దూరంగా వెళ్ళినా పనిచేసే కబురు సాధనం, నమ్మదగ్గ ఇంజను, చేప దింపగానే ఐసు, మంచి ధర. గాలంతో పట్టిన చేపకి దెబ్బలు తక్కువ, సరిగ్గా చూసుకుంటే మంచి ధర పలికే సరుకే. ఈసారి ఎవరైనా మత్స్యకారుల ఆధునికీకరణ అని ఒక పథకం చదివితే నేను రెండు కాలమ్‌లు గీసుకుంటున్నాను. ఇందులో మనిషిని కాపాడే డబ్బెంత, హద్దు తీసేసే డబ్బెంత? మీరూ గీసి చూడండి. చేపల పథకాలకే కాదు, మీ ఆఫీసులో వచ్చే వారం ఉన్న రిలీజుకి కూడా.

ఆ రోజు సాయంత్రం చివరి ఫెర్రీకి గ్రువా నుంచి బయల్దేరాను. రేవు దాటేటప్పుడు వెనక్కి తిరిగితే గోపురం మీది చేప గాలికి మెల్లగా పడమరకి తిరుగుతోంది. తుపాన్లు వచ్చే వైపు అదే, ఒకప్పుడు పడవలు వెళ్ళిన వైపూ అదే.